ఉక్రెయిన్ కప్: విజేత పక్కనున్న గడి కూడా చదవండి

మీ కరెంట్ అఫైర్స్ నోట్సులో క్రీడల పేజీ ఒకసారి తెరవండి. 2025 మే నెల దగ్గర ఇలాంటి లైను ఒకటి ఉండొచ్చు: 'ఉక్రెయిన్ కప్ ఫుట్‌బాల్ - విజేత షఖ్తార్ దొనెట్స్క్, రన్నరప్ డైనమో కీవ్'. లేకపోయినా కంగారు పడకండి. వింబుల్డన్ మీదో, ఆసియా కప్ మీదో వచ్చినన్ని బిట్లు దీని మీద రావు. అయినా ఈ వారం దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. రష్యా-ఉక్రెయిన్ యుద్ధం మీద గ్రూప్స్ మెయిన్స్‌కు ఎస్సే రాసేవాళ్లు, బ్యాంకు ఇంటర్వ్యూకో, క్యాంపస్ గ్రూప్ డిస్కషన్‌కో సిద్ధమయ్యేవాళ్లు తేదీలు బట్టీ పడుతున్నారు కానీ మ్యాప్ చూడటం లేదు. ఆ మ్యాప్‌ను చూపించే దగ్గరి దారి ఈ కప్పే.

ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. సంవత్సరం, విజేత, రన్నరప్, ఫైనల్ జరిగిన ఊరు. సాధారణంగా మనం మొదటి రెండు గడులు నింపి ఊరుకుంటాం. ఉక్రెయిన్ విషయంలో అసలు కథంతా ఆ చివరి రెండు గడుల్లో ఉంది. 2025 ఫైనల్ జిటోమిర్‌లో జరిగింది. 2024 ఫైనల్ రివ్నేలో. ఈ రెండు ఊళ్లూ రాజధాని కీవ్‌కు పశ్చిమాన ఉన్నాయి. అంతకుముందు పదిహేనేళ్లలో ఫైనల్స్ జరిగిన ఖార్కివ్, ద్నిప్రో, పోల్టావా, సుమీ, జపోరిజియాలు కీవ్‌కు తూర్పునో, ఆగ్నేయానో ఉంటాయి. ఇక 2022, 2023 ఎదురుగా రాయడానికి ఏమీ లేదు. ఆ రెండేళ్లు కప్ ఎవరూ గెలవలేదు.

అసలీ కప్ ఏంటి?

సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైంది. స్వతంత్ర ఉక్రెయిన్ మరుసటి ఏడాదే సొంత లీగ్, సొంత కప్ మొదలుపెట్టింది. లీగ్‌కూ కప్‌కూ తేడా క్రికెట్ చూసే మీకు ఇట్టే అర్థమవుతుంది. లీగ్ అంటే ఐపీఎల్ మొదటి దశలాంటిది. ఈ రోజు ఓడినా వచ్చే వారం లెక్క సరిచేసుకోవచ్చు. కప్ అంటే నాకౌట్. ఓడితే ఇంటికే. పెద్ద డివిజన్ జట్లతో పాటు కింది డివిజన్ల జట్లు, అమెచ్యూర్ క్లబ్బులు కూడా ఇందులో ఆడతాయి. చిన్న జట్టుకు పెద్ద జట్టు ఎదురుపడితే మ్యాచ్ మామూలుగా చిన్న జట్టు ఊళ్లోనే పెడతారు. దేశమంతా టీవీలో చూసే ఆటగాళ్లు ఒక చిన్న పట్టణం మైదానానికి వచ్చి ఆడాల్సి వస్తుంది. కప్ అందం అదే. దాని బలహీనత కూడా అదే. ఎందుకో తర్వాత చూద్దాం.

1992లో తొలి కప్పును ఒడెసా ఓడరేవు జట్టు చోర్నోమోరెట్స్ గెలిచింది. ఖార్కివ్‌కు చెందిన మెటలిస్ట్‌ను అదనపు సమయంలో 1-0తో ఓడించింది. ఆ తర్వాత చరిత్రంతా దాదాపు రెండు జట్లదే. 2025 ఫైనల్ వరకు లెక్కవేస్తే షఖ్తార్ 15 సార్లు, డైనమో 13 సార్లు. ఈ ఇద్దరినీ దాటి కప్పు ఎత్తినవి మూడే మూడు: చోర్నోమోరెట్స్ (1992, 1994), వోర్స్క్లా పోల్టావా (2009), తావ్రియా సింఫరోపోల్ (2010). బిట్ బ్యాంకు రాసేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. మనం ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు పేర్ల సంగతి. ఈ పేర్లు నోరు తిరగవని చాలామంది వదిలేస్తారు. అర్థం తెలిస్తే మర్చిపోరు. షఖ్తార్ అంటే గని కార్మికుడు. దొనెట్స్క్ బొగ్గు గనుల ప్రాంతం, దాన్నే డోన్‌బాస్ అంటారు. చోర్నోమోరెట్స్ అంటే నల్ల సముద్రం మనిషి. తావ్రియా అనేది క్రిమియా ప్రాంతపు పాత పేరు. వోర్స్క్లా ఒక నది, దాని ఒడ్డున పోల్టావా. చెర్నిహివ్ జట్టు పేరు డెస్నా, అదీ నదే. ల్వివ్ జట్టు కార్పాతీ, అంటే పశ్చిమాన ఉన్న కార్పాతియన్ పర్వతాలు. జిటోమిర్ జట్టు పొలిస్యా, అంటే ఉత్తరాన అడవులూ చిత్తడి నేలలూ ఉన్న ప్రాంతం. ఈ ఆరేడు పేర్లు మ్యాప్ మీద పెట్టుకుంటే నల్ల సముద్రం ఎటుంది, గనులు ఎటున్నాయి, కొండలు ఎటున్నాయి అన్నది విడిగా చదవక్కర్లేదు.

2010 లైను

ఇప్పుడు మీ కాగితంలో 2010 ఎదురుగా చూడండి. విజేత తావ్రియా సింఫరోపోల్. రన్నరప్ మెటలుర్గ్ దొనెట్స్క్. వేదిక ఖార్కివ్. స్కోరు అదనపు సమయం తర్వాత 3-2.

మే 16న జరిగిన ఆ మ్యాచ్ అప్పట్లో మామూలు వార్తే. ఒక క్రిమియా జట్టు, ఒక డోన్‌బాస్ జట్టు, ఈశాన్యంలోని ఖార్కివ్‌లో ఆడాయి. అభిమానులు టికెట్లు కొనుక్కుని రైళ్లెక్కి వెళ్లారు. ఎవరికీ పాస్‌పోర్టు అవసరం పడలేదు, చెక్‌పోస్టు దాటే పని పడలేదు.

సరిగ్గా నాలుగేళ్లకు ఆ లైనులో రెండు ఊళ్లు ఉక్రెయిన్ చేతిలో లేకుండా పోయాయి. 2014 మార్చిలో రష్యా క్రిమియాను తనలో కలిపేసుకుంది. అదే ఏడాది వేసవికల్లా దొనెట్స్క్ రష్యా అండ ఉన్న వేర్పాటువాదుల చేతికి వెళ్లింది. మూడో ఊరు ఖార్కివ్ ఉక్రెయిన్ చేతిలోనే ఉన్నా, రష్యా సరిహద్దుకు కేవలం నలభై కిలోమీటర్ల దూరంలో ఉండటంతో 2022 నుంచి క్షిపణులూ డ్రోన్లూ దాని మీద పడుతూనే ఉన్నాయి. ఆ ఫైనల్‌ను మళ్లీ ఆడించాలంటే ఈ రోజు ఏ ఒక్క భాగమూ దొరకదు. రన్నరప్ మెటలుర్గ్ క్లబ్ 2015లో దివాలా తీసి మూతపడింది.

తావ్రియా సంగతి ఇంకా చిత్రం. ఆ జట్టు 1992లో ఉక్రెయిన్ తొలి లీగ్ చాంపియన్ కూడా. క్రిమియా పోయాక సింఫరోపోల్‌లోని క్లబ్బును రద్దుచేసి, వేరే పేరుతో రష్యా కింది డివిజన్‌లో ఆడించడం మొదలుపెట్టారు. ఉక్రెయిన్ అభ్యంతరం చెప్పింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2014 డిసెంబరులో తీర్పు చెప్పింది: 2015 జనవరి 1 నుంచి క్రిమియా క్లబ్బులు రష్యా పోటీల్లో ఆడకూడదు. మరోపక్క ఉక్రెయిన్ 2016లో తావ్రియా పేరుతోనే క్లబ్బును ఖెర్సన్ ప్రాంతంలోని బెరిస్లావ్ అనే చిన్న పట్టణంలో మళ్లీ నిలబెట్టింది. ఊరు లేని జట్టు, పేరు మాత్రం అదే. 2022లో యుద్ధం ఖెర్సన్ ప్రాంతానికీ వచ్చేసింది, ఆ జట్టు ఆటా ఆగిపోయింది.

అంతర్జాతీయ సంబంధాలు చదివే అభ్యర్థులు యూఈఎఫ్ఏ నిర్ణయాన్ని ఐక్యరాజ్యసమితి తీర్మానం పక్కన పెట్టి చూడాలి. 2014 మార్చి 27న సర్వసభ్య సభ ఉక్రెయిన్ ప్రాదేశిక సమగ్రతను సమర్థిస్తూ 68/262 తీర్మానం చేసింది. అనుకూలం 100, వ్యతిరేకం 11, తటస్థం 58. ఆ 58లో భారత్ ఒకటి. ఆ తీర్మానంతో క్రిమియాలో ఒక్క సైనికుడూ కదల్లేదు. ఫుట్‌బాల్ సంఘం రాసిన ఒక పేజీ ఆదేశం మాత్రం మైదానంలో అమలైంది. అంటే క్రీడా సంఘాలకు ఐరాస కన్నా బలం ఎక్కువని రాసేయకండి, పరీక్షకుడు నవ్వుకుంటాడు. క్రీడా సంఘం చేతిలో సభ్యత్వం అనే తాళంచెవి ఉంది. దాని మాట వినకపోతే రష్యా సంఘానికి యూరప్ పోటీల తలుపు మూసుకుంటుంది. ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి అలాంటి తాళంచెవి లేదు. 'ఆంక్షలు ఎప్పుడు పనిచేస్తాయి?' అన్న ఎస్సేకు ఇంతకన్నా చిన్న ఉదాహరణ నాకు తెలిసి లేదు.

చిన్న జట్లకు దక్కిన రోజులు

యుద్ధం మాటల్లో పడి ఆటను వదిలేస్తే అన్యాయం. 2009 చూడండి. మే 20న షఖ్తార్ ఇస్తాంబుల్‌లో జర్మనీ జట్టు వెర్డర్ బ్రెమెన్‌ను ఓడించి యూఈఎఫ్ఏ కప్ గెలిచింది. స్వతంత్ర ఉక్రెయిన్ క్లబ్బు యూరప్ కప్పు గెలవడం అదే మొదటిసారి. సరిగ్గా పదకొండు రోజులకు, మే 31న, అదే షఖ్తార్ సొంత దేశపు కప్ ఫైనల్లో పోల్టావా జట్టు వోర్స్క్లా చేతిలో 1-0తో ఓడిపోయింది. గోల్ కొట్టింది వాసిల్ సాచ్కో. యూరప్‌ను గెలిచిన జట్టును గెలిచిన జట్టన్నమాట! ఆ గెలుపుతో యూరోపా లీగ్ బెర్తు దక్కించుకున్న వోర్స్క్లా, పోర్చుగల్ దిగ్గజం బెన్ఫికాతో ఆడింది. లిస్బన్‌లో 4-0తో ఓడినా సొంత దేశంలో 2-1తో గెలిచింది.

2019 ఇంకోటి. కిరోవోహ్రాద్ ప్రాంతంలో పెట్రోవ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఇన్‌హులెట్స్ జట్టు (ఇదీ నది పేరే) రెండో డివిజన్‌లో ఉంటూనే ఫైనల్ దాకా వచ్చింది. జపోరిజియాలో షఖ్తార్ చేతిలో 4-0తో చిత్తయింది. స్కోరు చూసి నవ్వకండి. డైనమో, షఖ్తార్ల బడ్జెట్ల ముందు ఆ క్లబ్బు లెక్క చిల్లర. సోవియట్ రోజుల్లో ఇంతకు మించిన సాహసం ల్వివ్ జట్టు కార్పాతీ చేసింది. 1969లో రెండో శ్రేణిలో ఉంటూనే మొత్తం సోవియట్ కప్పునే గెలిచింది.

2014 మే 15

మళ్లీ కాగితంలోకి వద్దాం. 2014 ఫైనల్ డైనమోకూ షఖ్తార్‌కూ మధ్య పోల్టావాలో జరిగింది. డైనమో 2-1తో గెలిచింది. తేదీ మే 15. అంతకు నాలుగు రోజుల ముందు, మే 11న, దొనెట్స్క్, లుహాన్స్క్‌లలో వేర్పాటువాదులు 'రిఫరెండం' పెట్టారు. ఉక్రెయిన్ గానీ, పశ్చిమ దేశాలు గానీ దాన్ని గుర్తించలేదు. సొంత ఊళ్లో ఆ గొడవ నడుస్తుంటే షఖ్తార్ ఆటగాళ్లు ఫైనల్ ఆడారు.

ఆ తర్వాత ఆ జట్టు సొంత మైదానానికి తిరిగి వెళ్లింది లేదు. డోన్‌బాస్ అరీనా 2009లో కట్టిన స్టేడియం, యాభై వేలకు పైగా సీట్లు. 2012 యూరో కప్ సెమీఫైనల్ - స్పెయిన్, పోర్చుగల్ - అక్కడే జరిగింది. రెండేళ్లు తిరిగేసరికి గుండ్లు పడి దెబ్బతింది. షఖ్తార్ ల్వివ్‌కు వెళ్లింది, అక్కడి నుంచి ఖార్కివ్‌కు, అక్కడి నుంచి కీవ్‌కు. 2022 తర్వాత యూరప్ పోటీల్లో 'సొంత మైదానం' మ్యాచ్‌లు వార్సాలో, హాంబర్గ్‌లో, గెల్సెన్‌కిర్చెన్‌లో ఆడింది. మీలో హాస్టల్ మారీ మారీ విసిగిపోయినవాళ్లుంటారు. వాళ్లకు ఈ లైను చదవగానే ఏదో తడుతుంది. అయినా విజేతల గడి చూడండి: 2016, 2017, 2018, 2019, 2024, 2025. ఊరు పోయాక గెలిచిన కప్పులే ఆరు.

దీనికి 'పట్టుదల' అని ఒక్క మాటలో ముగింపు రాయడం తేలిక. నాకది సగం నిజమే అనిపిస్తుంది. యజమాని రినాత్ అఖ్మెతోవ్ ఉక్రెయిన్ కుబేరుల్లో అగ్రగణ్యుడు. డబ్బున్న జట్టు ఊరు పోయినా నిలబడింది. అదే ఊరి మెటలుర్గ్ మూతపడింది. లుహాన్స్క్ జట్టు జోర్యా కూడా 2014లోనే ఊరు వదిలి జపోరిజియా చేరింది. షఖ్తార్ అంత డబ్బు లేకున్నా నెట్టుకొచ్చింది, 2016లోనూ 2021లోనూ ఫైనల్ ఆడింది, రెండుసార్లూ ఓడింది. ఎస్సేలో ఈ మూడు జట్లనూ పక్కపక్కన పెడితే మీ వాదన ఒక్క ఉదాహరణ మీద నిలబడాల్సిన అవసరం ఉండదు.

రెండు ఖాళీలు

2021-22 సీజన్ కప్ క్వార్టర్ ఫైనల్స్ ముంగిట ఉంది. చలికాలం విరామం ముగిసి 2022 ఫిబ్రవరి 25న లీగ్ మళ్లీ మొదలు కావాలి. 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలైంది. లీగ్‌ను చాంపియన్ లేకుండానే ముగించారు. కప్పూ అక్కడే ఆగిపోయింది.

ఆ వారం మీకు వేరేలా గుర్తుండి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ కోసం వెళ్లినవాళ్లు బంకర్లలోంచి ఇంటికి వీడియో కాల్స్ చేసిన వారం అది. ఖార్కివ్, జపోరిజియా, టెర్నోపిల్, ఒడెసా, సుమీ... టీవీ కింద స్క్రోలింగ్‌లో నడిచిన ఊళ్లు. మీ కాగితంలో ఫైనల్ వేదికల గడి చూడండి. 2020 ఖార్కివ్, 2019 జపోరిజియా, 2021 టెర్నోపిల్, 2011 సుమీ. ఆ పిల్లల్లో కొందరు హాస్టల్ కిటికీలోంచి ఈ స్టేడియాల దీపాలు చూసే ఉంటారు. 'ఆపరేషన్ గంగ' ఫిబ్రవరి 26న మొదలైంది. అంతకుముందు వచ్చేసిన వాళ్లతో కలిపి దాదాపు 22,500 మంది భారతీయులు ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. సుమీలో చిక్కుకున్న సుమారు ఏడు వందల మంది విద్యార్థులు చివరగా, మార్చి 8న బయటపడ్డారు. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు షెల్లింగ్‌లో చనిపోయారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. లీగ్ ఆరు నెలలకే మళ్లీ మొదలైంది. 2022 ఆగస్టు 23న కీవ్ ఒలింపిక్ స్టేడియంలో షఖ్తార్, మెటలిస్ట్ 1925 జట్లు 0-0తో ఆడాయి. ప్రేక్షకుల్లేరు. సైరన్ మోగితే రిఫరీ ఆట ఆపుతాడు, అందరూ షెల్టర్‌లోకి వెళతారు, అలర్ట్ ఎత్తేశాక మళ్లీ ఆడతారు. ఆ నెలలోనే ల్వివ్‌లో ఒక మ్యాచ్ ముగియడానికి నాలుగు గంటలు దాటింది. ఇంత కష్టంలోనూ లీగ్ నడిచింది. కప్ మాత్రం 2022-23లో పెట్టనే లేదు. 2023-24లో గానీ తిరిగి రాలేదు.

ఎందుకు? మొదట్లో చెప్పిన బలహీనత ఇక్కడ గుర్తుచేసుకోండి. లీగ్‌కు పదహారు జట్లు చాలు. వాటిని కొంత భద్రంగా ఉన్న నాలుగైదు ఊళ్లలో సర్దవచ్చు. షెల్టర్లున్న స్టేడియాలు ఎంచుకుని అందరినీ అక్కడే ఆడించవచ్చు. కప్‌కు అలా కుదరదు. దానికి దేశమంతా కావాలి. కింది డివిజన్లు కావాలి, చిన్న పట్టణాల మైదానాలు కావాలి, వాటి మధ్య బస్సులు తిరిగే రోడ్లు కావాలి. చెర్నిహివ్ స్టేడియం మీద 2022 మార్చిలో బాంబులు పడ్డాయి. డెస్నా జట్టు లీగ్ నుంచే తప్పుకుంది. మారియుపోల్ ఊరే పోయింది, జట్టూ తప్పుకుంది. చిన్న క్లబ్బుల ఆటగాళ్లు చాలామంది సైన్యంలో ఉన్నారు. దేశం ఎంత కోలుకుందో చెప్పడానికి లీగ్ కన్నా కప్పే నమ్మకమైన కొలత అని నేననేది అందుకే.

తిరిగొచ్చాక కూడా కప్ పాత కప్ కాదు. 2024 మే 15న రివ్నేలో షఖ్తార్ 2-1తో వోర్స్క్లాను ఓడించింది. 2025 మే 14న జిటోమిర్‌లో డైనమోతో 1-1, షూటౌట్‌లో 6-5. స్టేడియంలో సీట్లెన్ని ఉన్నా, షెల్టర్‌లో ఎంతమంది పడతారన్న లెక్క ప్రకారమే టికెట్లు. దేశ సంఘానికి 2024 జనవరి నుంచి అధ్యక్షుడు ఆంద్రీ షెవ్‌చెంకో, ఒకప్పటి డైనమో, ఏసీ మిలన్ స్ట్రైకర్. ఈ పేరు మీద మాత్రం బిట్ రావచ్చు.

మీ బాండ్, వాళ్ల కాంట్రాక్టు

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వెళ్లేవాళ్లకు ఈ భాగం. 'రెండేళ్లు మానేయకూడదు, మానేస్తే ఇంత కట్టాలి' అని బాండ్ రాయించుకునే కంపెనీలు మీకు తెలుసు. యుద్ధం వస్తే ఆ బాండ్ ఏమవుతుంది? ఉక్రెయిన్ ఫుట్‌బాల్‌లో ఇది నిజంగానే తలెత్తింది.

2022 వరకు షఖ్తార్ అంటే సగం బ్రెజిల్. కోట్లు పోసి కుర్రాళ్లను తెచ్చి, తీర్చిదిద్ది, పెద్ద క్లబ్బులకు అమ్మడం ఆ క్లబ్బు వ్యాపార పద్ధతి. దాడి మొదలైన రోజు ఆ ఆటగాళ్లు భార్యాబిడ్డలతో కీవ్‌లో ఒక హోటల్‌లో తలదాచుకుని, కాపాడమని తమ ప్రభుత్వాన్ని వీడియోలో వేడుకున్నారు. 2022 మార్చిలో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఒక తాత్కాలిక నియమం తెచ్చింది. ఉక్రెయిన్ క్లబ్బుల్లోని విదేశీ ఆటగాళ్లు, కోచ్‌లు తమ కాంట్రాక్టును ఏకపక్షంగా సస్పెండ్ చేసుకుని వేరే చోట ఆడుకోవచ్చు. మొదట జూన్ 30 దాకా అన్నారు. తర్వాత ఏడాదికి పొడిగించారు, ఆ తర్వాత మళ్లీ పొడిగించారు.

గమనించండి, రద్దు కాదు, సస్పెన్షన్. కాగితం మీద ఆటగాడు క్లబ్బు వాడే. కానీ సస్పెన్షన్‌లో ఉండగానే కాంట్రాక్టు గడువు తీరిపోతే క్లబ్బుకు పైసా రాదు. షఖ్తార్ ఐదు కోట్ల యూరోల పరిహారం కోరుతూ లాసాన్‌లోని క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టుకు వెళ్లింది. 2023 జనవరిలో కోర్టు కొట్టేసింది.

గ్రూప్ డిస్కషన్‌లో ఇది వస్తే చాలామంది 'ప్రాణం ముఖ్యం, ఫిఫా చేసింది సరైనదే' అని కూర్చుంటారు. దాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి ఆ మాటకు మార్కులూ రావు. అసలు ప్రశ్న, ఆ నష్టం ఎవరు మోయాలి అన్నది. ఆటగాడు మోయకూడదు, నిజమే. కానీ అతన్ని ఉచితంగా తీసుకున్న విదేశీ క్లబ్బు లాభపడింది, యుద్ధంలో ఉన్న క్లబ్బు నష్టపోయింది. ఆటగాడిని వెళ్లనిచ్చి, తీసుకున్న క్లబ్బు చేత ఎంతోకొంత కట్టించే మధ్యేమార్గం ఉండాల్సిందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు. 'ఫోర్స్ మెజర్' అనే పదం మీ ఆఫర్ లెటర్‌లో ఎక్కడుందో మాత్రం సంతకానికి ముందు వెతకండి.

దీనికి ఇంకో ముఖం ఉంది. విదేశీయులు వెళ్లిపోవడంతో బెంచీ మీదున్న ఉక్రెయిన్ కుర్రాళ్లు మైదానంలోకి వచ్చారు. మిఖాయిలో ముద్రిక్‌ను 2023 జనవరిలో చెల్సీ ఏడు కోట్ల యూరోలకు కొనుక్కుంది, షరతులు నెరవేరితే మరో మూడు కోట్లు. కోర్టులో ఓడిన నెలలోనే క్లబ్బుకు అంతకు మించిన డబ్బు అమ్మకంలో వచ్చింది.

ఇంటర్వ్యూ బోర్డు ముందు

ఉక్రెయిన్ మీద ప్రశ్న వస్తే భారత్ వైఖరి తప్పకుండా అడుగుతారు. 2014లో తటస్థం. 2022 సెప్టెంబరు 30న రష్యా దొనెట్స్క్, లుహాన్స్క్, జపోరిజియా, ఖెర్సన్‌లను కలుపుకున్నట్టు ప్రకటించినప్పుడు, అక్టోబరు 12న ఐరాసలో 143 దేశాలు దాన్ని తప్పుపట్టాయి, 5 వ్యతిరేకించాయి, 35 తటస్థంగా ఉన్నాయి. భారత్ అప్పుడూ తటస్థమే. 2024 ఆగస్టు 23న ప్రధాని మోదీ కీవ్ వెళ్లారు. 1992లో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక భారత ప్రధాని అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. మన వంటింటి లింకు కూడా మర్చిపోవద్దు. యుద్ధానికి ముందు మన సన్‌ఫ్లవర్ ఆయిల్ దిగుమతుల్లో పెద్ద వాటా ఉక్రెయిన్‌దే. ఒడెసా రేవు మూతపడగానే మీ ఇంటి నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో అమ్మనడిగితే చెబుతుంది.

పేర్ల విషయంలో జాగ్రత్త. పాత పుస్తకాల్లో ద్నిప్రోపెత్రోవ్స్క్ అని ఉంటుంది, 2016 నుంచి ఆ ఊరు ద్నిప్రో. వోర్స్క్లా 2009లో గెలిచింది ఆ ఊళ్లోనే. అలాగే 'కీవ్ జట్టు', 'దొనెట్స్క్ జట్టు' అని రాసేటప్పుడు రెండోది ఆ ఊళ్లో ఆడి పదేళ్లు దాటిందని గుర్తుంచుకోండి.

ఇంటర్వ్యూలో మిమ్మల్ని 'డిగ్రీ అయ్యాక ఈ రెండేళ్ల గ్యాప్ ఏంటి?' అని అడిగి ఉంటారు, లేదా అడగబోతారు. ఉక్రెయిన్ కప్ జాబితాలోనూ సరిగ్గా రెండేళ్ల గ్యాపే ఉంది. వాళ్లు దాన్ని వేరే దేనితోనూ పూడ్చలేదు.

రాత్రి పడుకునే ముందు ఆ నాలుగు గడుల కాగితం పూర్తిచేయండి. ఊళ్లను మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. 2010 లైను కింద గీత గీయండి. 2025 తర్వాతి ఫైనల్ వివరాలు మీరే చేర్చుకోండి, ఊరు పేరుతో సహా. 2022, 2023 ఎదురుగా గీతలూ కొట్టొద్దు, 'రద్దు' అనీ రాయొద్దు. ఖాళీగానే ఉంచండి.